మా పేరుతో మేం రాయని మెయిళ్లు: ఆపడానికి పట్టిన 112 రోజులు

2025 జూన్ 16, సోమవారం. పొద్దున్న తొమ్మిదిన్నరకి జర్మనీ నుంచి ఫోను వచ్చింది. అక్కడ అప్పటికి ఆరే అయ్యుంటుంది. చాలా ఏళ్లుగా మా దగ్గర లేసు కొంటున్నావిడ. పలకరింపులు కూడా లేకుండా ఒకటే అడిగింది: మీరు బ్యాంకు ఖాతా మార్చారా?

మాది నరసాపురం. మామయ్యగారు మొదలుపెట్టిన లేసు ఎగుమతి వ్యాపారం. చుట్టుపక్కల ఊళ్లలో ఆడవాళ్లు ఇళ్ల దగ్గర అల్లిన పీసులు మా షెడ్డుకి వస్తాయి. ఉతికి, గంజిపెట్టి, ఇస్త్రీ చేసి, ఎంచి పంపిస్తాం. మెయిళ్లూ కాగితాలూ చూసేది నేను. మేం బ్యాంకు మార్చలేదు. అలాంటి మెయిలే రాయలేదు.

ఆవిడ పంపిన స్క్రీన్‌షాట్ చూడగానే నాకు కాళ్లలో సత్తువ పోయింది. పంపినవారి చోట ఉన్నది అచ్చంగా మా చిరునామా. ఒక్క అక్షరం తేడా లేదు. కింద మామయ్యగారి పేరు, మా లోగో, మా షెడ్డు చిరునామా. మధ్యలో మాత్రం ఎవరిదో ఖాతా నంబరు. ఆవిడ మాకు వెయ్యాల్సిన అడ్వాన్సు 6,840 యూరోలు. ఆ డబ్బు మీద ఆ నెల అరవైమందికి పైగా ఆడవాళ్లకి మజూరీ ఇవ్వాలి. ఆవిడకి అనుమానం రాకపోయి ఉంటే ఏమయ్యేదో తలచుకుంటే ఇప్పటికీ గుండె దడే.

మొదట అనుకున్నది మా మెయిలులోకి ఎవరో చొరబడ్డారనే. పాస్‌వర్డులన్నీ మార్చాను, రెండో దశ తనిఖీ పెట్టాను, ఎక్కడెక్కడి నుంచి లాగిన్ అయ్యారో చూశాను. అన్నీ మా ఆఫీసూ, నా ఫోనే. పంపిన మెయిళ్లలో కూడా అది లేదు. సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టి, వచ్చిన నంబరు రాసుకున్నాను. డబ్బు పోయి ఉంటే మాత్రం క్షణం ఆలస్యం చెయ్యకుండా 1930కి ఫోను చెయ్యాలి.

మెయిలు ఎక్కడి నుంచి వచ్చిందో తెలియాలంటే స్క్రీన్‌షాట్ పనికిరాదు. ఫార్వర్డ్ చేసినా పనికిరాదు, అసలు దారి వివరాలు అందులో పోతాయి. మెయిలుని ఫైలుగా అటాచ్ చేసి పంపమని ఆవిడకి రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది. 18వ తేదీ సాయంత్రం అందింది. తెరిచి పైనున్న పంక్తులు ఒక్కొక్కటీ చదివాను. మూడు సంగతులు కనిపించాయి.

జవాబు వెళ్లాల్సిన చిరునామా మాది కాదు, వేరే ఎవరిదో. అంటే ఆవిడ ఆ మెయిలుకే జవాబు కొట్టి ఉంటే అది వాడికే చేరేది. ఫోను చెయ్యడం మా అదృష్టం. రెండోది, డీకిమ్ అన్న చోట, అంటే మెయిలు మీద పంపినవారి సంతకం ఉండాల్సిన చోట, ఏమీ లేదు. మూడోది చూసి నేను చాలాసేపు తల పట్టుకున్నాను. ఎస్‌పీఎఫ్ పాస్ అని ఉంది! ఆ పేరుతో పంపడానికి ఆ సర్వరుకి అనుమతి ఉందా అని చూసే పరీక్ష అది. దొంగ మెయిలు ఎలా పాసైంది?

ఇది అర్థం కావడానికి నాకు ఒక రాత్రి పట్టింది. మెయిలుకి పంపినవారి పేరు రెండు చోట్ల ఉంటుంది. మనకి పైన కనిపించేది ఒకటి. బట్వాడా కాకపోతే తిరిగి ఎక్కడికి పంపాలో చెప్పేది ఇంకొకటి, అది మనకి కనపడదు. ఎస్‌పీఎఫ్ చూసేది ఆ కనపడనిదాన్ని. వాడు అక్కడ తన సొంత డొమైన్ (చిరునామాలో అట్ గుర్తు తర్వాత వచ్చే పేరు) పెట్టుకున్నాడు. దానికి ఎస్‌పీఎఫ్ శుభ్రంగా ఉంది, పాసైంది. పైన కనిపించే చోట మా పేరు రాసుకున్నాడు. ఆ రెండూ ఒకటేనా అని ఎవరూ అడగలేదు, ఎందుకంటే అడగమని మేం ఎప్పుడూ చెప్పలేదు. అలా అడగమని చెప్పేదే డీమార్క్. మా డొమైన్‌కి అది లేనే లేదు.

మామయ్యగారికి చెబితే కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "నా సంతకం ఎవడైనా పెట్టేసుకునేలా ఇన్నాళ్లూ వదిలేశామా అమ్మాయ్?" అన్నారు. ఆ మాట నన్ను పట్టుకుంది.

ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్, ఈ మూడు పంక్తులు రాస్తే అయిపోతుంది, పైసా ఖర్చు లేదు అని చదివి, రెండు రోజుల పని అనుకున్నాను. ఆ పంక్తులు రాయాల్సిన చోటికి వెళ్లడానికే పదకొండు రోజులు పట్టింది. మా డొమైన్ కొన్నది 2019లో వెబ్‌సైటు చేసిన అబ్బాయి, తన మెయిలుతో, తన ఫోను నంబరుతో. మంచి కుర్రాడు. ఇప్పుడు కువైట్‌లో ఉన్నాడు. అప్పటి నంబరు వాళ్ల అమ్మగారి దగ్గర పాత ఫోనులో ఉంది, రీచార్జి లేక ఆగిపోయింది. నేను మొగల్తూరు వెళ్లి ఆవిడతో కూర్చుని, రీచార్జి చేయించి, ఓటీపీ రాగానే వాట్సాప్‌లో అతనికి చదివి వినిపించాను. మొదటి రెండు ఓటీపీలు అతను టైపు చేసేలోపే గడువు దాటిపోయాయి. "అక్కా, కంగారు పడకండి, ఇంకోసారి కొడతాను" అని అతనే నాకు ధైర్యం చెప్పాడు. జూన్ 29 ఆదివారం రాత్రికి డొమైన్ మామయ్యగారి పేరు మీదకి, మా ఆఫీసు మెయిలుకి మారింది. ఇంకో విషయం అప్పుడే బయటపడింది: దాని గడువు ఆగస్టుతో అయిపోతోంది. మూడేళ్లకి 3,300 రూపాయలు కట్టేశాను. మీ డొమైన్ ఎవరి పేరు మీద ఉందో తెలియకపోతే, మిగతా ఏ పనీ ముట్టుకోకుండా ముందు అది కనుక్కోండి.

జూన్ 30న డీఎన్ఎస్ పేజీ, అంటే మా డొమైన్ గురించి బయటి సర్వర్లు చదివే వివరాలు రాసే చోటు, తెరిచాను. మా డొమైన్‌కి ఎస్‌పీఎఫ్ ఒకటి కాదు, రెండున్నాయి. 2019లో హోస్టింగ్‌కని (వెబ్‌సైటు ఉండే సర్వరుకి) ఒకటి, 2022లో మెయిలు సర్వీసు మారినప్పుడు ఇంకొకటి. పాతది ఎవరూ తియ్యలేదు. ఒక డొమైన్‌కి ఎస్‌పీఎఫ్ ఒక్కటే ఉండాలి. రెండుంటే అవతలి సర్వరు రెండిట్లో ఏదీ తీసుకోదు, లెక్క తప్పిందని తేల్చేస్తుంది. మూడేళ్లుగా మా కొటేషన్లు కొందరికి స్పామ్‌లోకి ఎందుకు పోతున్నాయో, "మీ మెయిలు రాలేదు" అని ఎందుకు అంటున్నారో అప్పుడు తెలిసింది. ధర ఎక్కువ చెప్పామేమో, మా సరుకు నచ్చలేదేమో అని మామయ్యగారు ఎన్నిసార్లు బాధపడ్డారో నాకు తెలుసు. ఆ ఉత్తరాలు వాళ్ల కంటపడనేలేదు.

రెండూ కలిపి ఒకటి చేద్దామంటే ఇంకో అడ్డం. ఎస్‌పీఎఫ్ చదివేటప్పుడు అవతలి సర్వరు డీఎన్ఎస్‌ని వెతికే సార్లు పదికి మించకూడదు. మాది పన్నెండు వచ్చింది. ఎప్పుడో ఒక్క క్రిస్మస్‌కి వాడి వదిలేసిన న్యూస్‌లెటర్ సర్వీసు, పాత హోస్టింగ్ తీసేస్తే అయిదుకి దిగింది. రాసి సేవ్ చేశాను. మర్నాడు పొద్దున్న చూస్తే పరీక్షలో అసలు రికార్డే లేదంటోంది! సంగతేమిటంటే, పేరు రాసే గడిలో నేను మా డొమైన్ మొత్తం రాశాను. ఆ పేజీ దాని చివర మళ్లీ మా డొమైన్ తనే తగిలిస్తుంది. పేరు రెండుసార్లు అయింది. ఆ గడిలో అట్ గుర్తు ఒక్కటే పెట్టాలి. దిద్దాక, సర్వర్లు గుర్తుపెట్టుకున్న పాత జవాబు కాలం తీరడానికి నాలుగు గంటలు ఆగాలి. జులై 2కి ఎస్‌పీఎఫ్ సరిగా నిలబడింది.

తర్వాత డీకిమ్. ఇది మామయ్యగారికి చెప్పడం నాకు చాలా తేలికైంది, ఎందుకంటే ఆయన రోజూ చేసే పని అదే. ఊళ్ల నుంచి వచ్చిన పీసుల కట్ట విప్పి, ఒక పీసు తీసి వేళ్లతో లాగి చూస్తారు. చీటీ చూడరు. "ఇది పాలకొల్లు వైపు పెద్దావిడ చెయ్యి," అంటారు. దారం బిగువు, గొలుసు కుట్టు ఒరవడి మనిషి మనిషికీ వేరు. మధ్యలో ఎవరైనా నాలుగు కుట్లు విప్పి మళ్లీ అల్లినా ఆయన వేలికి తగులుతుంది. డీకిమ్ కూడా అంతే. మా మెయిలు సర్వీసు దగ్గర ఒక రహస్య తాళం ఉంటుంది, బయలుదేరే ప్రతి మెయిలు మీదా దాంతో సంతకం పడుతుంది. సరిచూసే తాళం మా డీఎన్ఎస్‌లో అందరికీ కనపడేలా పెడతాం. దారిలో ఒక్క అక్షరం మారినా సంతకం కుదరదు.

2,048 బిట్ల తాళం తీసుకున్నాను. అది చాలా పొడుగు, నాలుగు వందల అక్షరాలు దాటింది. గడిలో అతికించాను, సేవ్ అయింది, ఏ తప్పూ చూపలేదు. కానీ సంతకం పరీక్ష పాసవ్వలేదు. రెండు రోజులు ఎదురుచూశాను, సమయం పడుతుందేమోనని. జులై 5న భీమవరంలో నెట్‌వర్కింగ్ పనులు చేసే కుర్రాణ్ని పిలిపించాను. పది నిమిషాల్లో పట్టేశాడు. "ఆయ్, ఇదిగోనండి, 255 దగ్గర కోసేసిందండి." ఒక ముక్కలో 255 అక్షరాలే పడతాయి. ఈ పేజీ మిగతాది చెప్పకుండా వదిలేసింది. రెండు ముక్కలు చేసి, ఒక్కోదానికి కోట్స్ పెట్టి, పక్కపక్కన రాయాలి. రాశాడు. ఆ సాయంత్రమే జీమెయిల్‌కి ఒక మెయిలు పంపి, షో ఒరిజినల్ నొక్కి చూస్తే ఎస్‌పీఎఫ్ పాస్, డీకిమ్ పాస్. ఆ రెండు మాటలు చూసి నాకు నిజంగా కళ్లలో నీళ్లు తిరిగాయి.

జులై 7న డీమార్క్ పెట్టాను. దీనికి మూడు మెట్లున్నాయి. నన్ అంటే ఏమీ చెయ్యొద్దు, జరుగుతున్నది నాకు చెప్పు. క్వారంటైన్ అంటే అనుమానం ఉన్నవాటిని స్పామ్‌లో వెయ్యి. రిజెక్ట్ అంటే తీసుకోవద్దు. నాకు ఆ రోజే రిజెక్ట్ పెట్టెయ్యాలనిపించింది. భీమవరం కుర్రాడు గట్టిగా వద్దన్నాడు: "ముందు మీ పేరుతో ఎవరెవరు పంపుతున్నారో తెలియాలండి. లేకపోతే మీ మెయిళ్లే మీరు ఆపేసుకుంటారు." అతని మాట వినడం ఎంత మంచిదైందో ఆగస్టులో తెలిసింది.

మెయిళ్లు అందుకునే సంస్థలు పంపే రిపోర్టులు ఎక్కడికి రావాలో ఆ రికార్డులోనే రాస్తాం. నేను నా సొంత జీమెయిల్ ఇచ్చాను. నాలుగు రోజులు ఒక్కటీ రాలేదు. వేరే డొమైన్ చిరునామా ఇస్తే, రిపోర్టులు తీసుకోవడానికి ఒప్పుకుంటున్నట్టు ఆ డొమైన్‌లో కూడా ఒక రికార్డు ఉండాలట. జీమెయిల్‌లో నేనెక్కడ పెట్టగలను? 11న మా డొమైన్‌లోనే రిపోర్టుల కోసం వేరే మెయిలు డబ్బా తెరిచి మార్చాను. 13న మొదటి రిపోర్టు వచ్చింది.

అది మనుషులు చదివేలా ఉండదు. జిప్ విప్పితే ఎక్స్ఎంఎల్, కోణపు బ్రాకెట్ల మధ్య అంకెలు. దీన్ని పట్టికగా మార్చి చూపించే ఉచిత పేజీలు ఉన్నాయి. మెయిళ్లలో రాసిన విషయం ఏమీ ఇందులో రాదు. ఏ ఐపీ (పంపిన సర్వరు నంబరు) నుంచి మా పేరుతో ఎన్ని వెళ్లాయి, ఏది పాసైంది, ఏది తప్పింది, అంతే ఉంటుంది. జులై 16 నాటి పట్టిక నా కళ్ల ముందు ఇంకా ఉంది. మొదటి వరస మాది: 38 మెయిళ్లు, అన్నీ పాస్. దాని కింద మాకు సంబంధం లేని ఐపీ: 212. ఎస్‌పీఎఫ్, డీకిమ్ రెండూ ఫెయిల్. ఒక్క రోజులో, ఒక్క మెయిలు సంస్థ చెప్పిన లెక్కలో, మేం రాసిన వాటికి అయిదున్నర రెట్లు మేం రాయనివి మా పేరుతో జనానికి వెళ్లాయి. ఆ కాగితం ప్రింటు తీసి మామయ్యగారికి ఇచ్చాను. ఆయన 212 చుట్టూ ఎర్ర పెన్నుతో సున్నా చుట్టి లెడ్జరులో పెట్టుకున్నారు.

అసలు శ్రమ ఆ తర్వాతే. రోజూ రాత్రి అరగంట రిపోర్టులతో కూర్చోవడం. ఫెయిలైన వాటిలో దొంగవి కానివి రెండు తేలాయి. ఒకటి మా వెబ్‌సైటులోని విచారణ ఫారం. ఎవరైనా నింపితే హోస్టింగ్ సర్వరు మా పేరు పెట్టి సంతకం లేకుండా పంపిస్తోంది. దాన్ని మా మెయిలు ఖాతాలోంచే లాగిన్ అయ్యి పంపేలా భీమవరం కుర్రాడు మార్చాడు. మొత్తం అతని పనికి 2,500 తీసుకున్నాడు.

రెండోది మా లెక్కలు చూసే బాబాయిగారు. నది అవతల సఖినేటిపల్లిలో ఉంటారు. ఆయన బిల్లింగ్ సాఫ్ట్‌వేరు నుంచి ఇన్‌వాయిసులు మా పేరుతో నేరుగా కొనుగోలుదారులకి వెళ్తున్నాయి, అన్నీ ఫెయిల్! రిజెక్ట్ పెట్టి ఉంటే మా ఇన్‌వాయిసులు ఒక్కటీ చేరేది కాదు. ఆయన కంప్యూటరు చూడాలని ఆగస్టు 20న బయలుదేరితే గోదావరి పెరిగి నది దాటించే పంటు ఆపేశారు. ఫోనులో చెబితే ఆయనకి అందలేదు, నాకు చెప్పడం చేతకాలేదు. నీళ్లు తగ్గి, వినాయక చవితి ముందురోజు, 26న దాటాను. ఆ సాఫ్ట్‌వేరులో డీకిమ్ సంతకం కావాలంటే పై ప్యాకేజీ కొనాలి. అక్కర్లేదనుకున్నాం. బిల్లు పీడీఎఫ్ నాకు పంపితే నేనే మా మెయిలులోంచి పంపిస్తున్నాను. బాబాయిగారు, "నా వల్ల ఇంత ఆలస్యమైందా తల్లీ," అని నొచ్చుకున్నారు. ఆయన తప్పు ఏమీ లేదు. మాకే తెలియదు, ఆయనకెలా తెలుస్తుంది?

సెప్టెంబరు 1న క్వారంటైన్. వారం ప్రశాంతంగా గడిచింది. 9న ఇటలీ కొనుగోలుదారు నుంచి వాట్సాప్: మీ మెయిళ్లు స్పామ్‌లో పడుతున్నాయి. వణికిపోయాను. చూస్తే, వాళ్ల ఆఫీసు మెయిలు ఇంకో చోటికి ఆటోమేటిక్‌గా ఫార్వర్డ్ అవుతోంది. ఫార్వర్డ్ అయితే పంపే సర్వరు మారిపోతుంది కాబట్టి ఎస్‌పీఎఫ్ పోతుంది, అది మామూలే, డీకిమ్ సంతకం కాపాడాలి. కానీ వాళ్ల సర్వరు ప్రతి మెయిలు పైనా "బయటి నుంచి వచ్చింది" అని ఒక వాక్యం చేరుస్తోంది. అక్షరం మారింది, సంతకం చెడింది. రెండూ పోయాయి. వాళ్ల ఐటీ మనిషి ఫార్వర్డ్ చేసే డబ్బాకి ఆ వాక్యం తీసేసేసరికి 15వ తేదీ అయింది. ఆ ఆరు రోజులూ ప్రతి మెయిలు పంపాక వాట్సాప్‌లో "పంపాను, చూడండి" అని రాశాను.

దసరా వెళ్లాక, అక్టోబరు 6 సోమవారం, రిజెక్ట్ పెట్టాం. మామయ్యగారు పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నారు. సేవ్ నేను నొక్కబోతే, "ఉండమ్మా, నేను నొక్కుతాను" అన్నారు.

మర్నాటి రిపోర్టులో మొదటిసారి ఆ మాట కనిపించింది: 167 మెయిళ్లు, చర్య రిజెక్ట్.

ఇక్కడ ఒకటి ఉన్నదున్నట్టు చెప్పాలి. మాకు వచ్చే స్పామ్ దీంతో ఆగలేదు. లాటరీలు, అప్పులు ఇస్తామనేవి వస్తూనే ఉన్నాయి, ఎందుకంటే వాటిని పంపేవాళ్లు తమ సొంత డొమైన్లకి ఎస్‌పీఎఫ్, డీకిమ్ చక్కగా పెట్టుకుంటారు. పాస్ అంటే ఆ పేరు గలవాళ్లే పంపారని, మంచివాళ్లు పంపారని కాదు. కానీ మా పేరుతో మాకే వచ్చేవి, "మీ డబ్బా నిండిపోయింది, ఇక్కడ నొక్కండి" అని మా ఆఫీసు చిరునామాతోనే వచ్చేవి, పూర్తిగా ఆగాయి. షెడ్డులో ప్యాకింగ్ చూసే అమ్మాయి అలాంటిదొకటి మార్చిలో నొక్కబోయింది కూడా.

అక్టోబరు 17న జర్మనీ ఆవిడ మళ్లీ ఫోను చేశారు. మళ్లీ బ్యాంకు మెయిలే. ఈసారి మా డొమైన్‌లో ఒక అక్షరం ఎక్కువ. అది వేరే డొమైన్ కాబట్టి మా డీమార్క్‌కి దాని మీద అధికారం లేదు. ఆవిడ ఈసారి కంగారు పడలేదు, నేనూ పడలేదు. ఆ డొమైన్ నమోదు చేసిన సంస్థకి మోసం గురించి ఫిర్యాదు రాశాను, తొమ్మిది రోజులకి దాన్ని ఆపేశారు. అలాగే పొరబడడానికి వీలైన ఇంకో రెండు పేర్లు 1,800 పెట్టి మేమే కొనేసుకున్నాం. కొనుగోలుదారులందరికీ ఒక ఉత్తరం రాశాం: మా బ్యాంకు వివరాలు మెయిలులో ఎప్పుడూ మారవు, మారితే మామయ్యగారు స్వయంగా ఫోనులో చెబుతారు. ఆ వాక్యం ఇప్పుడు ప్రతి ప్రొఫార్మా ఇన్‌వాయిసు కింద ఎర్ర అక్షరాల్లో ఉంటుంది.

డొమైన్ గడువు, కుర్రాడి పని, రెండు పేర్లు కలిపి 7,600 అయింది. రాసిన రికార్డులకి ఖర్చు లేదు.

ప్రస్తుతం క్రిస్మస్ సరుకు కడుతున్నాం. రిపోర్టులు ఇప్పుడు వారానికోసారి చూస్తే సరిపోతోంది. దొంగ అంకె 167 నుంచి ఇరవైలకి, ఆ తర్వాత ఒకట్లకి దిగింది. ఈ సోమవారం తెరిచిన పట్టికలో ఒక్కటే వరస ఉంది: 41 మెయిళ్లు, 41 పాస్. ప్రింటు తీసి ఇస్తే మామయ్యగారు లెడ్జరు తెరిచి, ఎర్ర సున్నా చుట్టిన జులై కాగితం పక్కన పెట్టుకున్నారు.